పదకొండు అడుగుల ఊళ్ళో పర్వత పరిశోధన

కొత్తలంకపేట సముద్రమట్టానికి పదకొండు అడుగుల ఎత్తున ఉంది. అదీ ఎండాకాలం లెక్క. వానాకాలంలో కాలవ పొంగిందంటే ఆ పదకొండు అడుగులూ ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. ఊరి చుట్టూ ఎటు చూసినా వరిచేలు, రొయ్యల చెరువులు. కొండ ఎలా ఉంటుందో ఆ ఊరి పిల్లలు వాచకంలో బొమ్మ చూసి తెలుసుకోవలసిందే. అలాంటి ఊళ్ళో, బైపాసు రోడ్డు పక్కన, ఐదంతస్తుల మేడ ఒకటి ఉంది. దాని నెత్తిమీద నిలువెత్తు అక్షరాలతో "రాష్ట్ర ఉన్నత పర్వత వ్యాయామ పరిశోధనా సంస్థ" అని రాసి ఉంటుంది.

నవ్వకండి. సంస్థను మొదట కొండమీద పెడదామనే అనుకున్నారు. స్థలం చూసి రమ్మని ఒక సంఘాన్ని కూడా పంపారు. ఆ సంఘం ఘాట్ రోడ్డులో రెండు మలుపులు తిరిగి, మూడో మలుపులో వాంతులు చేసుకుని, వెనక్కి వచ్చి నివేదిక రాసింది. "పర్వత ప్రాంతమున పరిశోధన సాగించినచో పరిశోధకుల ఏకాగ్రత పర్వతముచే భంగపడు ప్రమాదము కలదు. కావున పర్వత ప్రభావము ఏమాత్రమును లేని ప్రదేశమును ఎంపిక చేయుట శాస్త్రీయముగా శ్రేయస్కరము." వెతగ్గా వెతగ్గా అంతకంటే పర్వత ప్రభావం లేని చోటు రాష్ట్రంలో ఇంకోటి దొరకలేదు. అలా సంస్థ కొత్తలంకపేటకు వచ్చింది.

వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో అక్కడ క్రమం తప్పకుండా జరిగిన పని ఒక్కటే, హాజరుపట్టీలో సంతకాలు పెట్టడం. అది కూడా ఎవరిది వారు పెట్టుకునేవారు కాదు. పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళు అందరివీ పెట్టేసేవారు. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడంలో అక్కడి సిబ్బంది చెయ్యి తిరిగినవాళ్ళు. సూపరింటెండెంటు కామేశంగారి సంతకాన్ని ఆయనకంటే అటెండరు అబ్బులే బాగా పెడతాడని అందరూ ఒప్పుకునేవారు, కామేశంగారితో సహా.

ఆ అబ్బులుకి యాభై ఆరేళ్ళు. కడలి అబ్బులు పూర్తి పేరు. మనిషి సన్నం, మాట మెత్తన, పన్నెండేళ్ళుగా సుగరు. అతని అన్న పల్లయ్యకీ సుగరే. అన్నకి మొదట కాలివేలు తీసేశారు. తరవాత పాదం తీసేశారు. ఇప్పుడు ఎడమ మోకాలి కింద ఏమీ లేదు. ఆదివారం ఆదివారం అన్నని చూసొచ్చాక అబ్బులు తన కాళ్ళు రెండూ శుభ్రంగా కడుక్కుని, వేళ్ళ సందులన్నీ అద్దం పెట్టి చూసుకునేవాడు. భయం. ఉత్త భయం. దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా చేసేవాడు కాదు.

రెండేళ్ళ కిందట పెద్దాసుపత్రి డాక్టరు అతనికి ఒక కొత్త మాత్ర రాశాడు. గులాబీ రంగుది, రోజుకొకటి. అది మొదలుపెట్టాక సుగరు అదుపులోకి వచ్చింది. మందుల షాపులో దాని ధర వింటే సుగరు కంటే ముందు బీపీ వచ్చేలా ఉంది గాని, సంస్థ మేడలోనే కింది అంతస్తులో ఉన్న ప్రభుత్వ డిస్పెన్సరీలో ఊరికే ఇచ్చేవారు. ఫార్మసిస్టు సువార్తమ్మ పదిహేను రోజులకొకసారి పదిహేను మాత్రలు కాగితంలో పొట్లం కట్టి, "అబ్బులన్నా, అన్నం తగ్గించావా?" అని అడిగి చేతిలో పెట్టేది. తగ్గించానని అతను అబద్ధం చెప్పేవాడు. రోజులు అలా సాఫీగా వెళ్ళిపోతుండగా పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది.

మూడు నెలల్లో సమీక్షా సంఘం వస్తుందట. తొమ్మిదేళ్ళలో ఈ సంస్థ ఏం పరిశోధన చేసిందో చూస్తుందట. ఏమీ లేదని తేలితే సంస్థను మొదట మంజూరైన చోటుకే, అంటే కొండమీదికి, సిబ్బందితో సహా తరలిస్తుందట.

సంస్థలో గగ్గోలు పుట్టింది. ఆ మధ్యాహ్నానికల్లా నలుగురు మోకాళ్ళ నొప్పులకు సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. డైరెక్టరు డాక్టర్ తటవర్తి శశిభూషణ్ మాత్రం కంగారు పడలేదు. అందరినీ సమావేశపు గదికి పిలిచి, ఒక విదేశీ పత్రికలోంచి తీసిన నాలుగు కాగితాలు పైకెత్తి చూపించాడు.

"మిత్రులారా! ఎక్కడో పర్వతం మీద పన్నెండు మంది ఆరోగ్యవంతులకు సుగరు మాత్ర ఇచ్చి సైకిలు తొక్కించారు. పల్చటి గాలిలో ఆ మాత్ర వల్ల వ్యాయామ సామర్థ్యం పెరుగుతుందా, తరుగుతుందా అన్నది వారి మౌలిక ప్రశ్న."

"ఏం తేలిందండి?" అని అడిగాడు కామేశం.

"తేడా ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం అని తేలింది. ఇంత భద్రమైన ఫలితాన్ని నా సర్వీసులో నేను చూడలేదు. మనమూ అదే చేద్దాం."

"మాత్ర సంగతి సరేనండి. మరి పర్వతం?"

డైరెక్టరు చిరునవ్వు నవ్వి బల్లమీద సుద్దముక్క అందుకున్నాడు. బోర్డు మీద పదకొండు అని వేశాడు. దానిపైన డెబ్భై మూడు అని వేశాడు. "మన నేల ఎత్తు పదకొండు అడుగులు. మన డాబా ఎత్తు డెబ్భై మూడు. అంటే నేల మీద నుంచి డాబా ఎక్కినవాడు తాను బయలుదేరిన ఎత్తుకు ఆరున్నర రెట్లు పైకి వెళుతున్నాడు. హిమాలయాల్లో శిబిరం దగ్గర నుంచి శిఖరం దాకా ఎక్కినా రెండు రెట్లు కాదు. ఆ లెక్కన కఠినమైన ఆరోహణ ఏది? మీరే చెప్పండి."

లైబ్రేరియన్ ఒక్కడు చెయ్యెత్తి, అక్కడ గాలి పల్చగా ఉంటుంది గదా అన్నాడు. మెట్ల దారిలో కిటికీలు మూయించేస్తానని డైరెక్టరు అన్నాడు.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఈ భవనపు క్రింది అంతస్తును 'సమతలము'గాను, మూడవ అంతస్తు మొదలుకొని పైభాగమును 'ఉన్నత ప్రదేశము'గాను, డాబాను 'శిఖరము'గాను పరిగణించవలెను. నలుబది దినములు దినమునకొకసారి మాత్ర సేవించి శిఖరారోహణ చేయు ఆరుగురు అధికారులకు పర్వత భత్యము మంజూరు చేయబడును. పరిశోధనా ప్రామాణికత దృష్ట్యా లిఫ్టు నిలిపివేయడమైనది." లిఫ్టు నాలుగేళ్ళ కిందటే ఆగిపోయింది. కాని ఇప్పటిదాకా ఉత్తర్వు లేకుండా ఆగింది.

అబ్బులు ఆ రోజే మాత్రల కోసం వెళ్ళాడు. డిస్పెన్సరీ బీరువాకి ఎర్ర లక్క సీలు వేసి ఉంది. దాని ముందు సువార్తమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇయ్యి మందులు కావంట, అబ్బులన్నా. ఇయ్యాళ్టి నుంచి పరిశోధనా సామగ్రంట. సీలు తీత్తే నా ఉద్యోగం పోద్దంట."

"మరి సుగరున్నోళ్ళకో?"

"సుగరు లేనోళ్ళకే ఇయ్యాలంట."

అబ్బులు చొక్కా గుండీలు సరిచేసుకుని తిన్నగా డైరెక్టరు గదికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తననీ పరిశోధనలో వేసుకోమని, మెట్లు ఎన్నిసార్లయినా ఎక్కుతానని, మాత్ర ఒక్కటి ఇప్పించమని అడిగాడు.

"నీకు సుగరుంది కదయ్యా" అన్నాడు డైరెక్టరు జాలిగా. "సుగరున్నవాడికి సుగరు మాత్ర ఇస్తే కొత్తగా తెలిసేదేముంది? దానివల్ల శాస్త్రానికి ఒరిగేదేమిటి?"

"శాస్త్రానికి కాదండి. నాకండి. మా అన్నకి కాలు తీసేశారండి."

"అదిగో, అదే వ్యక్తిగత దృక్పథం. మనం దాన్ని దాటి ఆలోచించాలి." అంటూనే ఆయనకి ఏదో తోచింది. పరిశోధనలో మెట్లెక్కేవాళ్ళతో పోల్చి చూడ్డానికి మెట్లెక్కని మనిషి ఒకడు కావాలి. దానికి భత్యం లేదు గనక ఎవరూ ముందుకు రాలేదు. "నువ్వు సమతల వ్యక్తివి. నలభై రోజులు కింద కుర్చీలో కదలకుండా కూర్చో. మాత్ర ఉండదు. మెట్లెక్కావా, క్రమశిక్షణ చర్య ఉంటుంది."

మొదటిరోజు పొద్దున్న అందరి దగ్గరా రక్తం తీశారు. పరిశోధన సందర్భంగా పెసరట్టు ఉప్మా పెడుతున్నారని తెలిసి ఆరుగురు అధికారులూ స్వయంగా వచ్చారు. కామేశం, అకౌంట్సు అధికారి, లైబ్రేరియను, పౌరసంబంధాల అధికారి, ఇద్దరు పరిశోధనాధికారులు. ఎవరికీ సుగరు లేదు. అబ్బులుకి ఉంది. అలాగే రాసుకున్నారు.

తరవాత ఆరోహణ మొదలైంది. ఆరుగురికీ ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న చొక్కాలిచ్చారు. కిటికీలు మూసిన మెట్ల దారిలో, ఉప్మా బరువుతో, అందరూ బయలుదేరారు. అకౌంట్సు అధికారి మొదటి అంతస్తులో ఒక ఫైలు గుర్తొచ్చి ఆగిపోయాడు. కామేశం రెండో అంతస్తు దాకా వెళ్ళి మెట్టు మీద కూలబడి, నీళ్ళు, నీళ్ళు అన్నాడు. శిఖరం దగ్గర నాడి కొలిచే యంత్రం పెట్టుకుని కూర్చున్న సువార్తమ్మ పదకొండున్నర దాకా చూసి, ఎవరూ రాక, అల్లిక తీసుకుంది.

రెండో రోజు కామేశం మెల్లిగా అబ్బులు కుర్చీ పక్కకి చేరాడు. చుట్టూ చూసి, ఒకటో నంబరు చొక్కా అతని ఒళ్ళో పెట్టాడు.

"అబ్బులూ, నా పేరున నువ్వెక్కవోయ్."

"నేనెక్కకూడదంటండి. క్రమశిక్షణ సర్యంటండి."

"నా సంతకం తొమ్మిదేళ్ళుగా పెడుతున్నావు. మెట్లెక్కలేవూ? అంతకంటే పెద్ద పనా ఇది?" కామేశం గుప్పిట విప్పాడు. అరచేతిలో గులాబీ రంగు మాత్ర ఉంది. "ఇదీ నువ్వే వేసుకో. నాకెందుకు, ఉన్న రోగాలు చాలవూ?"

అబ్బులు ఆ మాత్ర వంక చూశాడు. నాలుగు రోజులైంది దాన్ని చూసి. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. తువ్వాలు తీసి కుర్చీ వీపుమీద కప్పి, చొక్కా తొడుక్కుని మెట్ల వైపు నడిచాడు.

అన్నీ అలాగే జరుగుతాయి ఆ సంస్థలో. ఒకరికి కుదిరితే అందరికీ కుదురుతుంది. వారం తిరక్కుండా ఆరు చొక్కాలూ అబ్బులు దగ్గరికి చేరాయి. ఒకటో నంబరు తొడుక్కుని ఎక్కేవాడు, దిగేవాడు. రెండో నంబరు తొడుక్కుని ఎక్కేవాడు, దిగేవాడు. ఆరుసార్లు డాబా చూసేసరికి భోజనాల వేళయ్యేది. సువార్తమ్మ మాట్లాడకుండా ఆరుసార్లూ అతని మణికట్టుకి యంత్రం తగిలించి, చొక్కా మీది నంబరు చూసి అంకెలు రాసేది.

"మీరేం అన్రేంటండి?" అని ఒకరోజు అతనే ఉండబట్టలేక అడిగాడు.

"చొక్కా నంబరు రాయమన్నారు. మొహం రాయమన్లేదు" అంది సువార్తమ్మ. "నువ్వు మెల్లిగా దిగు. మోకాళ్ళు జాగర్త."

డైరెక్టరు రోజూ పదకొండింటికి కింది అంతస్తులో తిరిగేవాడు. కుర్చీ మీద తువ్వాలు చూసి, "మంచిది, సమతల వ్యక్తి బొత్తిగా కదలడం లేదు" అని డైరీలో రాసుకునేవాడు.

రోజుకి ఆరు మాత్రలు. ఒకటి అబ్బులు వేసుకునేవాడు. తక్కిన ఐదూ తువ్వాలు కొసన ముడేసుకుని గేటు దగ్గరికి వెళ్ళేవాడు. అక్కడ టీకొట్టు పెద్దింట్లు, ఆమెతోపాటు ఇంకో నలుగురు చెట్టంత మనుషులు, దిగులు మొహాలతో కూర్చుని ఉండేవారు. డిస్పెన్సరీ సీలు పడ్డాక ఆ మాత్రకి దిక్కులేని వాళ్ళందరూ వాళ్ళే.

"ఇది వేసుకుంటే కొండలెక్కేత్తారంట కదా, అబ్బులూ?" అని అడిగింది పెద్దింట్లు మొదటిరోజు.

"నీకెందుకు కొండ? ముందు అందులో పంచదార మానెయ్యి" అన్నాడు అబ్బులు, ఆమె చేతిలో గ్లాసు చూసి.

నలభయ్యో రోజు మళ్ళీ రక్తం తీయాలి. ఆరుగురు అధికారుల్లో ఒక్కడూ చెయ్యి చాపలేదు. ఉప్మా లేదు, సూదికి భయం, పైగా మెట్లెక్కినవాడే రక్తమివ్వడం న్యాయమని లైబ్రేరియన్ వాదించాడు. అబ్బులు ఆరు చొక్కాలూ వరసగా తొడుక్కుని ఆరు సీసాలు ఇచ్చాడు. ఏడోది తన సొంతానికివ్వాలి. సువార్తమ్మ ఒప్పుకోలేదు. "మనిషివా, మరేదన్నానా? పడిపోతావు, కూచో" అని కసిరింది. అప్పుడు కామేశానికి మనసు కరిగింది. నలభై రోజులు తన బదులు ఎక్కినవాడికి ఆ మాత్రం చేయకపోతే ఎలాగని, కళ్ళు గట్టిగా మూసుకుని, సమతల వ్యక్తి పేరున తన చెయ్యి చాపాడు. తొమ్మిదేళ్ళలో ఆయన స్వయంగా చేసిన పని అదొక్కటే. దాంతోనే కొంప మునిగింది.

ఫలితాలు వచ్చాయి. డైరెక్టరు గది తలుపు వేసుకుని రెండు గంటలు చదివాడు. ఆరుగురి గుండెలూ నలభై రోజులపాటు ఇంచుమించు ఒకే లయలో కొట్టుకున్నాయి. ఇంత ఏకరూపత పర్వతం తప్ప ఇంకేదీ సాధించలేదని ఆయన మురిసిపోయాడు. తరవాత రక్తం కాగితాలు చూశాడు. పరిశోధన మొదట్లో సుగరు లేని ఆరుగురికీ ఇప్పుడు సుగరుంది, అదుపులో ఉన్న మాట నిజమే గాని సుగరు సుగరే. మొదట్లో సుగరున్న సమతల వ్యక్తికి ఇప్పుడు లేదు.

ఒక్క నిమిషం ఆయన మొహం పాలిపోయింది. మరునిమిషంలో వెలిగిపోయింది. గబగబా నివేదిక రాయించాడు. "ఉన్నత ప్రదేశారోహణ మధుమేహ కారకము. మధుమేహ నివారక మాత్ర సేవించినను ఆ ప్రమాదము తప్పదు. సమతలమున కుర్చీయందు కదలక ఆసీనుడగుట మధుమేహమును నిర్మూలించును. కావున ఉన్నత పర్వత పరిశోధనా సంస్థ ఎట్టి పరిస్థితులలోను పర్వతముపై ఉండరాదు."

ఆ ఆఖరి వాక్యం విని సంస్థ మొత్తం చప్పట్లు కొట్టింది.

చప్పట్లు కొట్టనిది ఇద్దరే, సువార్తమ్మా, అబ్బులూ. ఆ మధ్యాహ్నమే డిస్పెన్సరీ జాబితా మారింది. బీరువా సీలు తీశారు. కొత్త జాబితాలో ఆరుగురు అధికారుల పేర్లు చేరాయి. అబ్బులు పేరు మీద ఎర్రగీత పడింది, పక్కన 'నయమైనది' అని రాసి. ఊళ్ళోవాళ్ళ ఐదు పేర్లకీ గీతే పడింది. వాళ్ళు నేలమీద నివసిస్తున్నారు గనక, కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటే సరిపోతుందట. ఆరోహణలు అయిపోయాయి గనక అధికారులు అబ్బులుకి తమ మాత్రలిచ్చే అవసరమూ లేకపోయింది.

తొమ్మిది రోజులు గడిచాయి. అబ్బులుకి గొంతు ఊరికే ఎండిపోతోంది. పదో రోజున ఎడమ అరికాలు మంటెత్తింది. అతను ఆఫీసు వెనక పంపు దగ్గర కూర్చుని, కాలు ఎత్తి మోకాలి మీద పెట్టుకుని, అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. అన్న కాలు ఇలాగే మొదలైంది. పుండు లేదు, మచ్చ లేదు, వట్టి మంట. ఆ రోజే సమీక్షా సంఘం వస్తోంది. ఇంక మాట్లాడకుండా ఉండటం తన వల్ల కాదనుకున్నాడు.

సంఘం అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన చాలా పెద్దాయన. అంతకుముందు ఒక తుఫాను మీదా, ఒక వంతెన మీదా విచారణ జరిపి, రెండింటికీ నిర్దోషిత్వం ప్రసాదించినవాడు. డైరెక్టరు నివేదిక చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. చదవడం అయ్యాక, "హర్షణీయం" అన్నాడు. అప్పుడు గుమ్మం దగ్గర టీ పళ్ళెంతో నిలబడ్డ అబ్బులు పళ్ళెం కింద పెట్టి ముందుకొచ్చాడు.

"అయ్యా, ఆ మెట్లు ఎక్కింది నేనండి. ఆరుగురి పేరునా నేనే. ఆ రక్తం కూడా నాదేనండి. వాళ్ళకి సుగరు లేదు. నాకుంది. నా మాత్ర నాకిప్పించండి, అంతే."

కామేశం కిటికీలోంచి బయటికి చూడసాగాడు. డైరెక్టరుకి చెమట పట్టింది. అధ్యక్షుడు మాత్రం నింపాదిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఆరోపణ తీవ్రమైనది. ప్రత్యక్ష ప్రమాణంతో నిగ్గు తేల్చాలి. ఇతన్ని ఎక్కించండి."

అందరూ మెట్ల దగ్గరికి కదిలారు. అబ్బులు ఎక్కాడు. నలభై రోజుల అలవాటు గనక, మంట పెడుతున్న కాలితోనే ఐదంతస్తులూ ఆగకుండా ఎక్కి దిగాడు. సువార్తమ్మ నాడి కొలిచింది. అధ్యక్షుడు ఆ అంకెను ఆరుగురి అంకెలతో సరిపోల్చి చూశాడు. తేడా లేదు.

"ఇతని నాడి ఆరుగురు అధికారుల నాడిని అనుకరిస్తోంది" అన్నాడు అధ్యక్షుడు. "ఆరుగురూ ఒకడే కావడం కంటే ఒకడు ఆరుగురిని కాపీ కొట్టడమే సంభావ్యం. సరే, రక్తం?"

సువార్తమ్మ వేలు పొడిచి, చుక్క తీసి, చిన్న యంత్రంలో పెట్టి చూపించింది. సుగరు బాగా ఎక్కువగా ఉంది. "నేను చెప్పలేదాండి!" అన్నాడు అబ్బులు. అతని మొహంలో పది రోజుల తరవాత వెలుగొచ్చింది.

అధ్యక్షుడు డైరెక్టరు వైపు తిరిగి చెయ్యి చాపాడు. "అభినందనలు, డాక్టరుగారూ! పది రోజుల కిందట ఈ మనిషికి సుగరు లేదని మీ రికార్డు చెబుతోంది. ఇప్పుడు మా కళ్ళెదుట ఒక్కసారి మెట్లెక్కి దిగాడు. వెంటనే వచ్చేసింది! ఇంతకు మించిన రుజువు నేను ఏ విచారణలోనూ చూడలేదు."

అందరూ చప్పట్లు కొడుతుంటే, తను ఎవరి కోసం మెట్లెక్కినట్టో అబ్బులుకి అర్థం కాలేదు. సువార్తమ్మ అతని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి, మెట్ల పక్కన కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది.

సంస్థ కొత్తలంకపేటలోనే శాశ్వతంగా ఉండేలా ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు అధ్యక్షుడి సిఫార్సులు కూడా మూడొచ్చాయి. సుగరు ఎక్కడ పుడుతుందో మందు అక్కడే ఉండాలి గనక డిస్పెన్సరీని ఐదో అంతస్తుకు మార్చాలి. రోగులు స్వయంగా వచ్చి, యంత్రం మీద వేలిముద్ర వేసి, రోజుకొక మాత్ర తీసుకోవాలి, ఒకరి బదులు ఒకరు రాకూడదు. తీసుకోనివారికి నయమైనట్టు భావించి, ఆరోహణలో సుగరు తెచ్చుకున్న అధికారులకు కొత్తగా ఇచ్చే పర్వత రుగ్మత భత్యం ఆపేస్తారు. ఇక అటెండరు కడలి అబ్బులు ఆరోగ్య పరిరక్షణ దృష్ట్యా అతన్ని ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వరాదు. అతనికి చికిత్స నిమిత్తం ఒక కుర్చీ మంజూరు చేయడమైనది.

కుర్చీ వచ్చింది. అబ్బులు దాన్లో కూర్చున్నాడు. ఐదంతస్తుల పైన తన మాత్రలున్నాయి. మధ్యలో నూట పన్నెండు మెట్లున్నాయి. వాటిని రోజుకి ఆరుసార్లు ఎక్కి దిగిన మనిషి ఇప్పుడు మొదటి మెట్టు వంక చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం పది గంటలకి కామేశం వచ్చాడు. అలవాటు కొద్దీ ఒకటో నంబరు చొక్కా తీసి అబ్బులు ఒళ్ళో పెట్టబోయాడు.

"నేనెక్కకూడదండి. సుగరొత్తదంటండి" అన్నాడు అబ్బులు. అతని గొంతులో వెటకారం ఉందేమోనని కామేశం వెతికాడు. ఉంది.

"వేలిముద్రొకటి ఏడ్చింది కదా" అని గొణుక్కుంటూ కామేశం మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వెనకాలే అకౌంట్సు అధికారి, ఆ వెనక లైబ్రేరియను, ఆఖర్న తక్కిన ముగ్గురూ. భత్యం వదులుకుందామని వాళ్ళలో ఎవరికీ తోచలేదు. కింద కూర్చున్న అబ్బులుకి వాళ్ళ ఆయాసం ఒక్కో అంతస్తూ దాటుతూ వినిపించింది. రెండో అంతస్తులో ఎవరో దేవుణ్ణి పిలిచారు. నాలుగో అంతస్తులో ఎవరో డైరెక్టర్ని తిట్టారు.

గంట తరవాత కామేశం చొక్కా అంతా తడిసిపోయి కిందికొచ్చాడు. ఆఖరి మెట్టు మీద కూర్చుని, చాలాసేపు ఊపిరి పీల్చుకుని, అబ్బులు వంక చూశాడు.

"రోజుకి ఆరుసార్లు ఎక్కావా నువ్వు దీన్ని?"

"ఎక్కానండి."

"ఆ సుగరుతో?"

అబ్బులు తలాడించాడు. కామేశం గుప్పిట విప్పాడు. గులాబీ మాత్ర చెమటకి కాస్త రంగు వదిలింది. దాన్ని అబ్బులు అరచేతిలో పెట్టి, ఆ చెయ్యి ఒక్క క్షణం వదలకుండా పట్టుకున్నాడు. "క్షమించు" అందామనుకున్నట్టున్నాడు. అది కూడా వేరేవాళ్ళ చేత చెప్పించడం అలవాటు గనక, చెప్పడం రాక లేచి వెళ్ళిపోయాడు. తరవాత ఒక్కొక్కళ్ళే దిగారు. మిగతా ఐదు మాత్రలూ వచ్చాయి. ఒకటి వేసుకుని, ఐదు తువ్వాలు కొసన ముడేసుకుని, అబ్బులు గేటు వైపు నడిచాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆరుగురు అధికారులు రోజూ పొద్దున్నే అబ్బులు కోసమూ, పెద్దింట్లు కోసమూ కొండెక్కి వస్తున్నారు.

నెల తిరిగేసరికి అతని అరికాలి మంట తగ్గింది. డైరెక్టరు ఆజ్ఞ మీద సువార్తమ్మ కిందికొచ్చి వేలు పొడిచి చూసింది. సుగరు అదుపులో ఉంది. ఆ అంకె చూసి డైరెక్టరు ఉప్పొంగిపోయాడు. అబ్బులు కుర్చీని చేత్తో తట్టి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, దాని కొలతలు రాసుకున్నాడు.

"చూశావా! ఏ మందూ లేకుండా! చెప్పు, అబ్బులూ, కుర్చీ ఎలా ఉంది నీకు? నివేదికలో నీ మాటల్లోనే రాయాలి."

పైనుంచి ఆరుగురి ఆయాసం మెల్లిగా కిందికి దిగుతోంది. అబ్బులు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"కుర్చీ దివ్యంగా పనిచేత్తందండి. కాపోతే మెట్లకి ఇంకాస్త దగ్గరగా జరిపించండి. గుణం అక్కడ ఎక్కువుందండి."